కీచుమన్న తుంటి, మగ్గం పళ్ల చక్రం: హిప్ రీప్లేస్‌మెంట్ వెనక అసలు కథ

ఈ ఎపిసోడ్ ఒక శబ్దంతో మొదలుపెడదాం. 1950ల్లో ఇంగ్లండ్‌లో ఒకాయనకి తుంటి ఆపరేషన్ అయింది. అరిగిపోయిన ఎముక బంతిని తీసేసి, దాని స్థానంలో ప్లాస్టిక్ బంతి పెట్టారు. నొప్పి తగ్గింది. కానీ ఆయన ముందుకి వంగినప్పుడల్లా తుంటిలోంచి కీచుమని సౌండ్. తలుపు బందుకి నూనె లేకపోతే వస్తుంది చూడండి, అలా. ఆ సౌండ్ భరించలేక వాళ్ల ఆవిడ ఆయన ఉన్న గదిలో కూర్చోవడమే మానేసిందట.

ఈ మాట విని అందరూ నవ్వి వదిలేసి ఉంటారు. ఒక డాక్టర్ మాత్రం వదల్లేదు. ఆయన పేరు జాన్ చార్న్లీ. "సౌండ్ వస్తోందంటే రాపిడి ఉంది. రాపిడి ఉందంటే ఆ కీలు ఎక్కువ కాలం నిలబడదు" అనే లైన్‌లో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో లక్షల మంది తుంటి మార్పించుకుని నడుస్తున్నారంటే, దాని మూలం ఆ ఆలోచనలో ఉంది.

దీని గురించి మనకెందుకు అంటారా? మన ఇళ్లలో తాతయ్యో, అమ్మమ్మో, ఒక్కోసారి ముప్పై ఐదేళ్ల అన్నయ్యో "తుంటి మార్చాలన్నారు" అని ఆసుపత్రి నుంచి వస్తారు. అప్పుడు ఫోన్ పట్టుకుని వెతికేది మనమే. వెతికితే ముందు కనిపించేవి యాడ్స్. చరిత్ర తెలిస్తే ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. ఒక్క మాట ముందే చెప్తున్నా: నేను డాక్టర్ని కాదు, ఇంజనీర్ని. ట్రీట్‌మెంట్ మీ డాక్టర్‌తో మాట్లాడే తేల్చుకోండి.

ముందు తుంటి అంటే ఏంటో చూద్దాం. తొడ ఎముక పైచివర గుండ్రంగా బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలో గిన్నె లాంటి గుంటలో కూర్చుంటుంది. రెండింటి మీదా నున్నటి కార్టిలేజ్ పొర. మన వాళ్లు "గుజ్జు" అంటారు కదా, అదే. ఆ పొర ఎంత నున్నగా ఉంటుందంటే, మంచు మీద స్కేటింగ్ చేసేటప్పుడు ఉండే రాపిడి కంటే మన కీలులో రాపిడి తక్కువ. అది అరిగిపోతే ఎముకకి ఎముక తగులుతుంది. అడుగు తీసి అడుగు వేస్తే నొప్పి, రాత్రి పక్క తిరిగితే నొప్పి.

దీన్ని మార్చాలనే ఆలోచన కొత్తదేమీ కాదు. 1890 ప్రాంతంలోనే బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో కీళ్లు చేసి మనుషులకి పెట్టాడు. అప్పట్లో కీళ్లు పాడవడానికి పెద్ద కారణం టీబీ. ఇన్ఫెక్షన్ ఉన్న చోటే దంతం ముక్క పెడితే ఏమవుతుంది? చీము పట్టి బయటికొచ్చేసింది. యాంటీబయాటిక్స్ ఇంకా పుట్టని కాలం మరి.

తర్వాత 1923లో అమెరికాలో, బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్. ఒక రోగి వీపులో ఎప్పుడో దిగిన గాజు ముక్కని తీస్తుంటే, దాని చుట్టూ నున్నటి పొర ఏర్పడి ఉండటం గమనించాడు. అయితే తుంటి బంతి మీద గాజు టోపీ పెడితే, దాని చుట్టూ కొత్త గుజ్జు పుడుతుందేమో అనుకున్నాడు. ఐడియా భలే ఉంది. కానీ మనిషి బరువు మోయాల్సింది గాజు. పగిలిపోయింది. చివరికి 1938లో కోబాల్ట్, క్రోమియం కలిసిన వైటాలియం అనే మిశ్రలోహంతో ఆ టోపీ చేశాడు. అది దంతవైద్యులు వాడే లోహం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ కథలో పంటి డాక్టర్ల సామాను మళ్లీ వస్తుంది.

1940లో సౌత్ కరోలినాలో ఆస్టిన్ మూర్, ట్యూమర్ వచ్చిన ఒక రోగికి తొడ ఎముక పైభాగం మొత్తం తీసేసి లోహంతో చేసింది పెట్టాడు. ఆయన తర్వాత డిజైన్ చేసిన ఇంప్లాంట్ పేరు మన దగ్గర కూడా వినిపిస్తుంది. బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్లకి "సగం మార్చారు, బంతి మాత్రమే మార్చారు" అంటారు చూడండి, ఆ దారిలోదే. 1946లో ఫ్రాన్స్‌లో జూడే సోదరులు అక్రిలిక్ ప్లాస్టిక్ బంతి తెచ్చారు. మనం మొదట్లో చెప్పుకున్న కీచు తుంటి అదే.

ఇప్పుడు చార్న్లీ దగ్గరికి వద్దాం. 1911లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బరీ అనే ఊళ్లో పుట్టాడు. మాంచెస్టర్‌లో చదివాడు. లాంకషైర్ అంటే నూలు మిల్లుల ప్రాంతం. ఊరి నిండా మగ్గాలు, మెషీన్లు, ఫిట్టర్లు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ డాక్టర్‌గా ఈజిప్ట్‌లో పనిచేస్తూ ఆపరేషన్ పనిముట్లు తనే తయారు చేయించేవాడు. మనిషి డాక్టరే గానీ బుర్ర మెకానిక్‌ది.

ఆయన ముందున్న సమస్యని మూడు ముక్కలుగా విడగొట్టుకుందాం.

మొదటిది, రాపిడి. అప్పట్లో ఎక్కువమంది బంతిని మాత్రమే మార్చేవాళ్లు. ఈయన బంతి, గిన్నె రెండూ మార్చాలన్నాడు. బంతి స్టీల్, గిన్నె జారే ప్లాస్టిక్. అప్పటికి తెలిసిన వాటిలో బాగా జారేది టెఫ్లాన్. అవును, మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండేదే.

రెండోది, బంతి సైజు. నిజం బంతి దాదాపు నలభై ఐదు, యాభై మిల్లీమీటర్లు ఉంటుంది. అందరూ అదే సైజు కాపీ కొట్టారు. చార్న్లీ దాన్ని తగ్గించుకుంటూ పోయి 22 మిల్లీమీటర్ల దగ్గర ఆగాడు. అంటే సుమారుగా రూపాయి బిళ్ల వెడల్పు. ఎందుకు? బీటెక్ ఫస్టియర్ మెకానిక్స్ గుర్తు చేసుకోండి. టార్క్ అంటే బలం ఇంటూ వ్యాసార్థం. లావు పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తేలిగ్గా తిరుగుతుంది, సన్న పిడితో తిరగదు. ఇక్కడ మనకి గిన్నె తిరగకూడదు, ఎముకలో గట్టిగా అతుక్కుని ఉండాలి. కాబట్టి బంతి చిన్నదైతే గిన్నెని మెలిపెట్టే బలం తగ్గుతుంది. ఆయన దీనికి పెట్టిన పేరు కూడా తక్కువ రాపిడి ఆపరేషన్ అనే.

మూడోది, అతికించడం. లోహాన్ని ఎముకలో దించితే కదలకుండా ఉండేదెలా? మాంచెస్టర్‌లో డెంటల్ మెటీరియల్స్ మీద పనిచేసే డెనిస్ స్మిత్ సలహాతో, కట్టుడు పళ్లకి వాడే అక్రిలిక్‌ని ఎముక సిమెంట్‌గా వాడాడు. చెప్పాను కదా, పంటి సామాను మళ్లీ వచ్చింది. నిజానికి ఇది జిగురులా అంటుకోదు. గోడ రాళ్ల మధ్య సున్నంలా సందులన్నీ నింపి, బరువుని ఎముక అంతటికీ పంచుతుంది.

1950ల చివర్లో టెఫ్లాన్ తుంట్లు పెట్టడం మొదలైంది. రిజల్ట్ అదిరిపోయింది. ఏళ్ల తరబడి కర్రలతో నడిచినవాళ్లు మామూలుగా నడిచారు. దాదాపు 300 మందికి ఆపరేషన్ చేశాడు. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది.

ఒకటి రెండేళ్లు తిరిగేసరికి ఒక్కొక్కరూ మళ్లీ నొప్పితో రావడం మొదలైంది. తెరిచి చూస్తే టెఫ్లాన్ గిన్నె అరిగిపోయింది. అరిగిన పొడి చుట్టూ కండలో చేరి మెత్తటి ముద్దలా తయారైంది. శరీరం ఆ పొడిని శత్రువు అనుకుని పోరాడుతూ పక్కనున్న ఎముకని కూడా తినేస్తోంది. జారడానికి టెఫ్లాన్ బాగుంది, కానీ బరువు కింద రాపిడికి నిలబడలేదు. జారడం వేరు, అరక్కుండా ఉండటం వేరు. ఈ తేడా 300 మంది శరీరాల్లో తెలిసింది.

ఇక్కడ చార్న్లీ ఏం చేశాడో చూడండి. టెఫ్లాన్‌కి శరీరం ఎలా స్పందిస్తుందో చూడ్డానికి ఆ ముక్కల్ని తన తొడలోనే పెట్టించుకున్నాడు. అది వాపు చేసింది. ఆ సంగతిని 1963లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌కి రాసి బయటపెట్టాడు. ఫెయిలైన తుంట్లని తనే మళ్లీ తెరిచి తీశాడు. ఆ పేషెంట్లని ఇంకెవరికో అప్పగించి తప్పుకోలేదు.

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి వస్తాడు. పేరు హ్యారీ క్రావెన్. డాక్టర్ కాదు, చార్న్లీ వర్క్‌షాప్‌లో టెక్నీషియన్. ప్లాస్టిక్ ముక్కని లోహంతో రోజుల తరబడి రాపిడి పెట్టి ఎంత అరిగిందో కొలిచే మెషీన్‌ని నడిపేవాడు. 1962లో ఒక సేల్స్‌మన్ వర్క్‌షాప్‌కి వచ్చాడు. అతను అమ్మేది ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. వాటి కస్టమర్లు లాంకషైర్ నేత మిల్లులు. మన సిరిసిల్లలో చూస్తామే, అలాంటి మరమగ్గాలకి రోజంతా ఆగకుండా కొట్టుకునే భాగాలు ఉంటాయి. వాటికి వాడే ప్లాస్టిక్ అన్నమాట. దాని పేరు హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలిన్. మన ప్లాస్టిక్ కవర్ల కుటుంబమే, కానీ అణువుల గొలుసులు చాలా చాలా పొడవు.

క్రావెన్ ఒక ముక్క తీసుకుని చార్న్లీకి చూపించాడు. ఆయన గోరుతో నొక్కి చూసి, పనికిరాదన్నట్టు వెళ్లిపోయాడట. కానీ క్రావెన్ ఊరుకోలేదు. బాస్ ఊళ్లో లేనప్పుడు దాన్ని మెషీన్ మీద పెట్టి ఆన్ చేశాడు. మూడు వారాలు మెషీన్ ఆడింది. అన్ని రోజుల్లో అది అరిగింది, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగిన దానికంటే తక్కువ.

తిరిగొచ్చిన చార్న్లీ ఆ లెక్కలు చూశాడు, ఒప్పుకున్నాడు. సీనియర్ గోరు చెప్పింది తప్పు, టెస్ట్ చెప్పింది రైటు. 1962 నవంబర్‌లో ఆ కొత్త ప్లాస్టిక్ గిన్నెతో మొదటి ఆపరేషన్ జరిగింది. ఆరు దశాబ్దాలు దాటాక, ఇవాళ మన నగరాల్లో పెట్టే చాలా తుంట్లలో గిన్నె లోపలి పొర ఆ ప్లాస్టిక్ వారసుడే. 1990ల చివరి నుంచి రేడియేషన్‌తో ఇంకా గట్టిపరిచిన రకం వచ్చింది, దాని అరుగుదల ఇంకా తక్కువ.

చార్న్లీ ఇంకో మూడు పనులు చేశాడు. ఇవి ఇంప్లాంట్ కంటే ముఖ్యమేమో అనిపిస్తుంది.

ఒకటి, ఇన్ఫెక్షన్. ఆయన పనిచేసిన రైటింగ్‌టన్ ఆసుపత్రి ఒకప్పటి టీబీ ఆసుపత్రి. ఆపరేషన్ టేబుల్ చుట్టూ గాజు గదిలాంటిది కట్టించి, వడపోసిన గాలిని పైనుంచి కిందికి పంపించాడు. సర్జన్ వదిలే శ్వాస కూడా ట్యూబ్ ద్వారా బయటికి పోయేలా డ్రెస్ చేయించాడు. ఇలాంటి మార్పులన్నీ కలిసి, మొదట్లో నూటికి ఏడుగురి దాకా వచ్చిన ఇన్ఫెక్షన్ ఒక్క శాతం లోపుకి దిగింది.

రెండు, ట్రైనింగ్. తన దగ్గరికి వచ్చి నేర్చుకున్న సర్జన్లకే తన ఇంప్లాంట్ అమ్మాలని తయారీ కంపెనీకి చాలా ఏళ్లు షరతు పెట్టాడు.

మూడు, ఫాలోఅప్. ఏళ్ల తరబడి పేషెంట్లని పిలిచి ఎక్స్‌రే తీసేవాడు. చనిపోయాక ఆ కీలుని చదువుకోవడానికి ఇవ్వమని అడిగితే చాలామంది ఒప్పుకున్నారు. 1974లో లాస్కర్ అవార్డు, 1977లో సర్ బిరుదు, 1982లో మరణం. 2007లో లాన్సెట్ జర్నల్‌లో ఒక వ్యాసం ఈ ఆపరేషన్‌ని శతాబ్దపు ఆపరేషన్ అని పిలిచింది.

ఇప్పుడు కథ మన దేశానికి వస్తోంది, కొంచెం చేదుగా.

2000ల్లో "ప్లాస్టిక్ అరుగుతుంది కదా, లోహం మీద లోహం పెడదాం, పెద్ద బంతి పెడదాం, కుర్రవాళ్లు పరిగెత్తొచ్చు" అనే ట్రెండ్ వచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్‌కి చెందిన డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి తెచ్చింది. అమెరికాలో "ఇప్పటికే ఉన్న మోడల్స్ లాంటిదే" అనే దారిలో అనుమతి దొరికింది. ఆ దారిలో మనుషుల మీద కొత్తగా ట్రయల్ చేయక్కర్లేదు. వాడకంలో చూస్తే కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరడం, చుట్టూ కండ పాడవడం, ఇంప్లాంట్ వదులవడం కనిపించాయి. 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి పిలిచారు. అప్పటికి దాదాపు 93,000 మందికి పెట్టేశారు.

దీన్ని ముందుగా పట్టింది ఎవరో తెలుసా? రిజిస్ట్రీలు. స్వీడన్ 1979 నుంచే ప్రతి తుంటి ఆపరేషన్‌ని ఒక జాబితాలో రాస్తోంది: ఏ మోడల్, ఎప్పుడు, మళ్లీ మార్చాల్సి వచ్చిందా అని. ఆస్ట్రేలియాకి కూడా అలాంటి జాబితా ఉంది. అందులో ఏఎస్ఆర్ ఫెయిల్యూర్లు ఎక్కువ కనబడటంతో అక్కడ 2009 చివర్లోనే మార్కెట్ నుంచి తీసేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే ఇది లాగ్ ఫైల్. లాగ్స్ ఉంటే బగ్ దొరుకుతుంది. లేకపోతే యూజరే అరవాలి.

మన దేశంలో దాదాపు 4,700 ఏఎస్ఆర్ ఆపరేషన్లు జరిగాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో కమిటీ వేసింది. బాధితులకి కనీసం 20 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. కానీ ఆ 4,700 మందిలో ఎక్కువమంది ఆచూకీయే దొరకలేదు. ఎక్కడున్నారో తెలియని మనిషికి "మీ ఒంట్లో ఉన్నదాన్ని వెనక్కి పిలిచారు" అని ఎవరు చెప్తారు? చార్న్లీ 1960ల్లో కాగితాల మీద చేసిన ఫాలోఅప్‌ని, మనం ఫోన్ల కాలంలో చేయలేకపోయాం.

సరే, ఇప్పుడు ఇంట్లో పనికొచ్చే మాటలు.

ఖర్చు. బిల్లులో ఇంప్లాంట్ ఒక్కటే కాదు, రూము, సర్జన్ ఫీజు, మత్తు, మందులు, ఫిజియోథెరపీ అన్నీ ఉంటాయి. కాబట్టి విడివిడిగా ఎస్టిమేట్ అడగండి. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులో ప్రభుత్వం సీలింగ్ పెట్టింది, ఎక్కువ వాడే రకానికి 54,720 రూపాయలు, ట్యాక్స్ అదనం. ఆ ఆర్డర్ మోకాలికే, తుంటి అందులో లేదు. అందుకే ఒకే తుంటికి ఆసుపత్రిని బట్టి, మోడల్‌ని బట్టి రేటు బాగా మారుతుంది. సిరామిక్ బంతి అంటే రేటు పెరుగుతుంది. అది మీ ఇంట్లో మనిషి వయసుకి, అవసరానికి కావాలా అని అడగడం మన హక్కు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ కింద మీ కేసు వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడ్వాన్స్ కట్టకముందే అడగండి.

ఎంతకాలం నిలబడుతుంది? 2019లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, తుంటి ఇంప్లాంట్లలో దాదాపు 58 శాతం 25 ఏళ్లు నిలబడ్డాయి. ఇది గతంలో పెట్టిన ఇంప్లాంట్ల లెక్క. ముప్పైల్లో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. మన దగ్గర చిన్న వయసులో తుంటి పాడవడానికి ఒక పెద్ద కారణం ఎముక బంతికి రక్తం అందకపోవడం. స్టెరాయిడ్లు ఎక్కువ వాడటం, మద్యం దానికి తెలిసిన కారణాలు. వాళ్లకి జీవితంలో రెండో ఆపరేషన్ అవసరం పడొచ్చు, ఆ మాట ముందే తెలిసుండాలి.

కోలుకోవడం. చార్న్లీ రోజుల్లో వారాల తరబడి మంచం. ఇప్పుడు చాలామందిని అదే రోజో మర్నాడో వాకర్‌తో నిలబెడతారు. కొన్ని వారాలకి చేతికర్ర, రెండు మూడు నెలలకి చాలావరకు రోజువారీ పనులు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు, పాదాలు ఆడించమంటారు. అవి మానొద్దు. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్కలో వాపు, ఉన్నట్టుండి ఆయాసం ఉంటే ఆగకుండా ఆసుపత్రికే.

ఇక మన అసలు సమస్య: నేల. ఈ కీలుని కుర్చీలో కూర్చునే దేశంలో డిజైన్ చేశారు. మనం మఠం వేసుకుని తింటాం, గొంతుక్కూర్చుంటాం. మొదటి వారాల్లో తుంటిని మరీ వంచితే బంతి గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంది. ఇప్పుడు పెద్ద బంతులు వాడుతున్నారు కాబట్టి ఆ రిస్క్ తగ్గింది, పోలేదు. అందుకని ఇంటికి రాకముందే వెస్టర్న్ టాయిలెట్ గానీ కమోడ్ కుర్చీ గానీ, ఎత్తైన కుర్చీ, మంచం రెడీ చేయండి. పూజ దగ్గర పీట తీసేసి కుర్చీ వేయండి. "ఎప్పటి నుంచి నేల మీద కూర్చోవచ్చు, అసలు కూర్చోవచ్చా" అని సర్జన్‌ని నేరుగా అడగండి. మనం అడక్కపోతే అమ్మమ్మ ఎలాగూ అడగదు, కూర్చుంటుంది.

చివరిగా మీ ఫోన్‌తో చేసే ఒక పని. ప్రతి ఇంప్లాంట్ డబ్బాతో పాటు స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబర్ వాటి మీద ఉంటాయి. అవి కేస్ షీట్‌లో అంటిస్తారు. డిశ్చార్జ్ రోజున వాటి కాపీ అడిగి తీసుకోండి, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టండి. ఇప్పటికే తుంటి మార్పించుకున్న బంధువులు ఉంటే వాళ్ల ఫైల్ ఇవాళే వెతికించండి. రేపు ఏదైనా మోడల్‌ని వెనక్కి పిలిస్తే, మనది అదేనా కాదా అని చెప్పేది ఆ చిన్న కాగితమే. ఆ 4,700 మందిలో ఆచూకీ దొరకనివాళ్లకి ఆ ఒక్క కాగితం చేతిలో ఉండుంటే, కనీసం తమ ఒంట్లో ఏముందో తెలిసేది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయుంటే, నేల మీద కూర్చోవడం గురించి వాళ్ల డాక్టర్ ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.